శాసనసభ్యుడు: ఒక పదము, దాని బరువు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గ్రంథాలయము మాటలను నిలువచేయు గాదె. గాదెలోని గింజను కొలుచువాడు ముందుగా కుంచమును సరిచూచుకొనును. కుంచమున లోపమున్నచో ఇచ్చువాడో పుచ్చుకొనువాడో ఎవడో ఒకడు మోసపోవును. మాటయు అట్టిదే. అర్థము తెలియక మాటను వాడినచో, ఆ మాటతో నడచు వ్యవహారమంతయు తప్పుడు కొలతయగును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయపు పండుగనాడు అట్టి మాట నొకదానిని తీసికొని సరిచూచుట ఉచితము.

మంచిర్యాల బజారులోను, బస్సుస్టాండులోను, పొలముగట్టున కూర్చున్న రైతుల ముచ్చటలోను దినమునకు పదిమార్లు వినబడు మాట 'ఎమ్మెల్యే'. ఇది తెలుగు మాట కాదు. ఇంగ్లీషులోనైనను ఒక మాట కాదు. మూడు మాటల తొలి అక్షరములను ప్రోగుచేసి కట్టిన మూట. ఆ మూటను విప్పినచో మెంబర్, లెజిస్లేటివ్, అసెంబ్లీ అను మూడు మాటలు కనబడును. మెంబర్ అనగా సభ్యుడు. అసెంబ్లీ అనగా సభ. ఈ రెండును ఎవరికైనను తెలిసినవే. భజన సమాజమునకును సభ్యులుందురు, పాల సంఘమునకును సభ జరుగును. ఎమ్మెల్యేను తక్కిన సభ్యులనుండి వేరుచేయునది నడుమనున్న మాట. ఆ నడిమి పని చేయువానిని ఇంగ్లీషువారు 'లెజిస్లేటర్' అందురు. జనవ్యవహారమున మూట మిగిలినదిగాని, నడిమి సొత్తు జారిపోయినది. అది ఎక్కడ జారినదో వెదకుటయే ఈ ఉపన్యాసముయొక్క పని.

లెజిస్లేటర్ అనుమాట ఇంగ్లీషువారికి లాటిన్ భాషనుండి సంక్రమించినది. లాటిన్‌లో 'లెక్స్' అనగా చట్టము. 'లాటర్' అనగా మోసికొని వచ్చువాడు, తెచ్చి ముందుంచువాడు. రెండును కలిసి 'చట్టమును తెచ్చి ముందుంచువాడు' అను అర్థము. పూర్వము రోము నగరమున అధికారి ఒక చట్టమును ప్రతిపాదించి పౌరుల సభయెదుట పెట్టెడివాడు. పౌరులు సమ్మతి తెలిపిన పిమ్మటనే అది చట్టమగుచుండెను. కావున ఈ పదమున అధికారముకంటె వినయము హెచ్చు. చట్టమునకు యజమానియని గాని, జనులకు ప్రభువని గాని ఈ పదము చెప్పదు. తలపై చట్టపు మూట పెట్టుకొని జనులయొద్దకు వచ్చి దింపువాడని మాత్రమే చెప్పును. మరియొక చిత్రము. ఇంగ్లీషున ముందు పుట్టినది లెజిస్లేటర్ అను కర్తృపదము. చట్టముచేయుట అను అర్థముగల 'లెజిస్లేట్' అను క్రియ దానినుండి తరువాత పుట్టినది. మనిషి ముందు వచ్చెను, పని వెనుక వచ్చెను. మనిషిని మాత్రము చూచి పనిని చూడకుండుట ఆ భాషలోనే మొదలైనదేమోయని నవ్వుకొనవచ్చును.

అమెరికా పత్రికలలోను, ఫిలిప్పీన్సు దేశపు ఇంగ్లీషు పత్రికలలోను శాసనసభ్యునకు మరియొక పొట్టి పేరు కలదు. అది 'సోలన్'. శీర్షికలో తక్కువ చోటు పట్టునని పత్రికలవారు దానిని వాడుదురు. కాని ఆ పేరు వెనుక పెద్ద చరిత్ర కలదు. సోలన్ గ్రీకు దేశమున ఏథెన్సు నగరపు శాసనకర్త. క్రీస్తుకు పూర్వము 594వ సంవత్సరమున అతడు అధికారము చేపట్టెనని చెప్పుదురు. ఆనాడు అక్కడి పేదరైతులు అప్పులలో మునిగి, అప్పు తీర్చలేక తామే బానిసలై అమ్ముడుపోవుచుండిరి. తాకట్టుపడిన పొలములలో అందుకు గుర్తుగా రాళ్ళు పాతబడియుండెను. సోలన్ ఆ అప్పులను రద్దుచేసి, మనిషి దేహమును కుదువబెట్టి అప్పిచ్చుటను నిషేధించి, ఆ రాళ్ళను పెరికించెను. తన చట్టములను కొయ్యపలకలపై వ్రాయించి అందరును చదువుకొనునట్లు నిలిపెను. పిదప, ఎవరును వచ్చి తమకు అనుకూలముగా మార్చుమని తనను వేధింపకుండుటకై పదియేండ్లు దేశాంతరము పోయెను. పొలములో రాయి పాతించినవాడు కాడు, పొలములోని రాతిని తీయించినవాడు సోలన్. ఈ రాతిమాటను సభాసదులు జ్ఞాపకముంచుకొనవలెను. మరల దానితో పని కలదు.

ఇక తెలుగునకు వత్తము. లెజిస్లేటర్‌ను తెలుగువారు శాసనసభ్యుడు అనిరి. ఈ మాటను కూర్చినవారు సామాన్యులు కారు. 'శాస్' అను సంస్కృత ధాతువునకు బోధించుట, ఆజ్ఞాపించుట అని అర్థములు. ఈ ధాతువునుండియే శాస్త్రము పుట్టినది, శాసనము పుట్టినది, శిష్యుడు అను మాటయు పుట్టినది. బోధింపదగినవాడు శిష్యుడు. అనగా శాసనమును, శిష్యుడును ఒక తల్లి బిడ్డలు. నేర్చుకొననివాడు శాసింపరాదని వ్యాకరణమే చెప్పుచున్నట్లున్నది.

శాసనమనగానే తెలుగువారికి రాయి జ్ఞప్తికి వచ్చును. కరీంనగరు జిల్లా గంగాధర మండలములోని కురిక్యాలయొద్ద బొమ్మలగుట్టపై 10వ శతాబ్దమునాటి జినవల్లభుని శాసనము కలదు. కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడీతడు. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడును ఆ రాతిపై కలవు. తెలుగు కందపద్యములు కలవు. ఈ ప్రాంతపు బిడ్డలు పద్యము పాతబడలేదని తెలిసికొనుటకు ఆ గుట్ట ఎక్కి చూడవచ్చును. అది కీర్తిని నిలుపు శాసనము. పాలనకు సంబంధించిన శాసనమునకు ఉదాహరణము కావలెనన్నచో కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనమును చూడవలెను. అంతకుముందు తుఫానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సొమ్మును రాజులు స్వాధీనము చేసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ దురాచారమును మాని, నిర్ణీతమైన సుంకముమాత్రమే పుచ్చుకొందునని రాతిపై వ్రాయించి వర్తకులకు అభయమిచ్చెను. ఏ సరకునకు ఎంత సుంకమో కూడ చెక్కించెను. దీనిలోని విశేషమును గుర్తింపవలెను. రాజు ఒక్కొక్క వర్తకుని పిలిచి దయచూపుటకు మారుగా, తన చేతిని తానే కట్టుకొని, ఆ కట్టును అందరికిని కనబడునట్లు రాతిపై పెట్టెను. దయ రాజుతో పోవును. శాసనము రాతితో నిలుచును.

నేటి గ్రామములలోను రాళ్ళు కలవు. కల్వర్టుయొద్ద, సంఘభవనమునొద్ద, నీళ్ళ ట్యాంకునొద్ద నల్లని నున్నని శిలాఫలకములు కలవు. వానిపై 'గౌరవ శాసనసభ్యులు' అను బిరుదుతో పేర్లును, తేదీలును ఉండును. నాటి రాతిపై శాసనముండెను, దానిని చేసినవాని పేరు దానికి తోడుగా నుండెను. నేటి రాతిపై పేరుమాత్రమున్నది, శాసనము లేదు. అది ఎక్కడనున్నది? రాజపత్రములో నున్నది. నిజాం కాలమున దానినే జరీదా అనిరి, ఇప్పుడు గెజెట్ అనుచున్నారు. శిలాఫలకమును దారిన పోవు పిల్లవాడు సైతము చదువును. గెజెట్‌ను ఎందరు చదువుదురో సభాసదులే ఆలోచింపవలెను. లెజిస్లేటర్ అను మాటలోని నడిమి సొత్తు ఈ రెంటి నడుమనే జారిపోయినది.

ఈ నష్టము ఎంతటిదో తెలియవలెనన్నచో, శాసనసభ్యులే లేని కాలమును తలచుకొనవలెను. నిజాం రాజ్యమున మాట మూడు రూపములలో దిగివచ్చెడిది. ఫర్మానా ప్రభువు మాట. కానూను ప్రభుత్వపు మాట. గస్తీ అధికారి పంపు చుట్టుజాబు. 19వ శతాబ్దపు తుదిభాగమున శాసనములు చేయుటకొక మండలి ఏర్పడినను, అందలి సభ్యులు అధిక భాగము ప్రభుత్వము నియమించినవారే. చట్టమును ముందుంచుటకు జనసభ లేదు. జనులయొద్దకు తెచ్చు 'లాటర్' లేడు. 1920ల దశాబ్దమున 'గస్తీ నిషాన్ 53' అను ఉత్తర్వు వెలువడెను. బహిరంగ సభ జరుపవలెనన్న ముందుగా ప్రభుత్వపు అనుమతి పొందవలెనని దాని సారము. తెలుగు గ్రంథాలయములవారు వార్షికోత్సవము జరుపుకొనుటకును అధికారుల చుట్టు తిరుగవలసివచ్చెను. ఒక్క చుట్టుజాబు! దానిని ఎవరును చర్చింపలేదు, దానికి ఎవరును చేయి ఎత్తలేదు. నేడు ఈ సభ ఎవరి అనుమతికి ఎదురుచూడక తెరచిన తలుపులతో జరుగుచున్నదన్న, అది ఊరక వచ్చిన భాగ్యము కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు, వారి వెనుక నడచినవారు మోసిన బరువు అది.

1952లో వయోజనులందరి ఓటుతో హైదరాబాదు రాష్ట్రమునకు శాసనసభ ఏర్పడెను. 175 స్థానములు. గోలకొండ పత్రిక సంపాదకులు, పండితులు సురవరం ప్రతాపరెడ్డిగారు వనపర్తినుండి ఆ సభకు ఎన్నికైరి. గస్తీల కాలమున అనుమతికై నిలిచిన తరమువారు, ఆ సభలో శాసనమును తెచ్చువారైరి. పదము తన పూర్తి అర్థముతో ఈ గడ్డపై అడుగుపెట్టిన సంవత్సరమది.

ఆ సభ చేసిన పనులలో ఒకదానిని ఈ ప్రాంతపు వ్యవసాయదారులు తరతరములు జ్ఞాపకముంచుకొనవలెను. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వచ్చినది. అప్పటికి ఎన్నికైన సభ లేదు. ఆ చట్టము రక్షిత కౌలుదారు అను ఒక కొత్త మనిషిని పుట్టించెను. దున్నువానిని ఇష్టము వచ్చినట్లు తొలగింపరాదని చెప్పెను. 1954లో, బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా, ఎన్నికైన సభ దానిని సవరించి 38-ఈ అను సెక్షనును చేర్చెను. ప్రభుత్వము ప్రకటించు ఒక తేదీనుండి, చట్టము విధించిన మేరకును షరతులకును లోబడి, రక్షిత కౌలుదారుడే భూమికి యజమాని యగునని దాని తాత్పర్యము. తెలంగాణములోని అధిక భాగమునకు ఆ తేదీ 1973 జనవరి 1 అయ్యెను. 1954నుండి 1973వరకు లెక్క వేసినచో పందొమ్మిదేండ్లు. చట్టము చేసిననాడు పుట్టిన బిడ్డ నాగలి పట్టు వయసు దాటునంత కాలము.

ఇందులో రెండు పాఠములు కలవు. 38-ఈ పట్టా పొందిన రైతు ఎవరి వాకిటను చేతులు కట్టుకొని నిలుచుటవలన అది రాలేదు. అతని పేరు రక్షిత కౌలుదారుల రిజిస్టరులో నుండుటవలన వచ్చెను. ఇది మొదటి పాఠము. శాసనము పుట్టుట ఒక పని, నడచుట మరియొక పని; చేయి ఎత్తినంతమాత్రమున శాసనసభ్యుని పని ముగియదు, ఆ శాసనము పల్లెకు చేరినదా లేదాయని సభలో అడుగుటయు అతని పనియే. ఇది రెండవ పాఠము. గోదావరి ఆవలియొడ్డున మంథని నియోజకవర్గమునకు 1957నుండి 1977వరకు ప్రతినిధిగా నుండిన పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగానే, 1972లో శాసనసభ భూపరిమితి బిల్లును ఆమోదించెను. అది 1973లో చట్టమయ్యెను. దాని అమలునుగూర్చి ఎవరి అభిప్రాయము ఎట్లున్నను, ఒక్క నియోజకవర్గపు సభ్యుడు రాష్ట్రములోని ప్రతి పొలముగట్టును తాకగలడనుటకు అది సాక్ష్యము.

ఇప్పుడు సభలో కొందరి మనసున ఒక ఆక్షేపణ పుట్టియుండును. 'పల్లెవానికి కావలసినది నీరు, దారి, పింఛను, దవాఖాన. ఎమ్మెల్యేను అవి అడుగక సెక్షన్లు అడుగుమందురా?' ఈ ఆక్షేపణ న్యాయమైనది. శాసనసభ్యుడు ప్రతినిధి కూడ. కార్యాలయపు మెట్టు ఎక్కి విసిగినవాడు, కాగితము కదలక అలసినవాడు, చివరకు తనకు తెలిసిన మనిషియొద్దకు పోవుట సహజము. కష్టములో నున్నవాని చేయి పట్టుకొన్న సభ్యుని తప్పు పట్టరాదు. అడిగినవానిని అంతకంటె తప్పు పట్టరాదు. తప్పు మరియొకచోట నున్నది. హక్కుగా రావలసినది దయగా వచ్చుటకు జనులు అలవాటుపడుటలో నున్నది.

కడెం ప్రాజెక్టు కాలువను ఎరిగినవారు ఈ సభలో చాలమంది కలరు. కాలువలో నీరు వదలినచో తూములవెంట, పిల్లకాలువలవెంట సాగి, వంతు సరిగా నడచినంతవరకు చివరి మడికిని చేరును. ఆ చివరి మడి ఎవరిదని నీరు అడుగదు. అట్లుగాక ఒకరు కాలువగట్టున నిలిచి కుండతో ముంచి పోయుచున్నచో, దాపున నిలిచినవాని మడియే తడియును. దూరమున నున్నవాడు పిలుపుకై ఎదురుచూచును. కుండ పట్టినవాడు దొరయగును. శాసనము కాలువ, సాయము కుండ. దప్పిగొన్న వేళ కుండయు కావలెను. కాని కాలువ త్రవ్వుటకు పంపినవానిని కుండ ఎత్తుటకు మాత్రమే మెచ్చుకొన్నచో, అతడు కాలువను మరచును. అది అతని దోషమెంతయో, మెచ్చినవారి దోషమును అంతయే.

ఆ కుండలోని నీరును కాలువనుండి వచ్చినదే. పెండ్లి సాయపు చెక్కుగాని, ముఖ్యమంత్రి ప్రకటించు పథకపు సొమ్ముగాని, రోడ్డు గుత్తేదారునకు ఇచ్చు బిల్లుగాని రాష్ట్ర ఖజానానుండి వెలువడుటకు శాసనసభ ఆమోదించిన ద్రవ్యవినియోగ చట్టము కావలెనని రాజ్యాంగపు 204, 266 అధికరణములు చెప్పుచున్నవి. ప్రతి సంవత్సరమును బడ్జెటు సమావేశములలో ఒక్కొక్క శాఖకు సంబంధించిన పద్దు సభయెదుటకు వచ్చును. ఆ పద్దుపై మాటాడుట, ప్రశ్నించుట, కోతతీర్మానము పెట్టుట సభ్యుని హక్కు. గడువు ముగిసిననాడు చర్చకు రాని పద్దులన్నిటిని ఒక్కసారిగా ఓటునకు పెట్టి ముగింతురు. దీనికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు 'గిలటిన్', అనగా ఫ్రాన్సు దేశమున తలలు నరికిన యంత్రము. మంచిర్యాల వీధిలో చేతికందు చెక్కు ఎంతటిదో అందరును చూచెదరు. ఆ చెక్కు పుట్టిన పద్దుపై ఎంతసేపు చర్చ జరిగినదో చూచువారు అరుదు.

సభయను మాటనుగూర్చియు ఒకటి చెప్పుకొనవలెను. మహాభారతమున సభాపర్వమును విననివారుండరు. ద్రౌపది నిండుసభలో వేసినది కన్నీటి మొర మాత్రమే కాదు. అది ధర్మశాస్త్ర ప్రశ్న. తన్ను తాను ఒడ్డి ఓడిపోయినవానికి, ఆ పిమ్మట భార్యను ఒడ్డు అధికారము కలదా? భీష్ముడు ధర్మము సూక్ష్మమని తడబడెను. పెద్దలు తలలు వంచిరి. కౌరవులలో చిన్నవాడగు వికర్ణుడు లేచి న్యాయము పలికెను. తెలిసియు పలుకని సభ్యునికి పాపములో భాగము కలదని విదురుడు హెచ్చరించెను. నాడు సభ్యుని ధర్మము పలుకుట, నేడును అదియే. సభలో కూర్చుండుటవలన సభ్యుడగును. పలుకుటవలన సభకు తగినవాడగును.

అయితే నేటి సభ్యుని నోటికి ఒక కట్టు కలదు. దాని పేరు 'విప్'. ఇంగ్లండులో నక్కలవేటకు పోవువారు, గుంపునుండి చెదరిన వేటకుక్కలను కొరడాతో అదలించి మరల గుంపులో కలుపుటకు ఒక మనిషిని పెట్టుకొనెడివారు. ఆ మాటయే చట్టసభలకెక్కినది. పార్టీ చెప్పినట్లు ఓటువేయుమని సభ్యులకిచ్చు ఆజ్ఞకును, ఆజ్ఞయిచ్చువానికిని అదియే పేరు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదవ షెడ్యూలు వచ్చినది. ఆ ఆజ్ఞను ముందుగా అనుమతి పొందక మీరినవాడు, పార్టీ క్షమింపనిచో, సభ్యత్వమునే కోల్పోవచ్చును. పార్టీలు మారు వ్యాపారమును ఆపుటకు వచ్చిన ఈ కట్టు, వికర్ణుని వంటివానికిని కట్టే యగుచున్నది. అయినను ఓటు కట్టబడినదేగాని ప్రశ్న కట్టబడలేదు. ప్రశ్నోత్తరముల కాలము కలదు, సవరణ ప్రతిపాదించు హక్కు కలదు, సభాసంఘములు కలవు. ఆ ద్వారములన్నియు తెరచియే యున్నవి. వానిగుండ నడచుట, నడువకుండుట సభ్యునిది. నడచెనా యని చూచుట ఓటరుది.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. ఈ శాసనసభకు ఎన్నికగు సభ్యులు 119 మంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో చెన్నూరు, బెల్లంపల్లి, మంచిర్యాల అను మూడు నియోజకవర్గములు కలవు. పూర్వపు లక్సెట్టిపేట నియోజకవర్గముయొక్క స్థానమున 2009 ఎన్నికలనుండి మంచిర్యాల పేరు వచ్చినది. ముగ్గురు సభ్యులు 119 మందిలో కొద్దిగనే కనబడుదురు. కాని ఆ 119 మందిలో ఎవరు ఏ చట్టమునకు చేయి ఎత్తినను, అది ఈ జిల్లాలోని ప్రతి గడపకును వర్తించును. కావున ఓటరు ఎన్నుకొనునది తన వీధికి మేస్త్రీని కాదు. రాష్ట్రమంతటికిని చట్టమును తెచ్చు 119 మందిలో ఒకనిని.

ఇంతకును దీనితో ఈ గ్రంథాలయమునకేమి సంబంధము? చాల దగ్గరి సంబంధము కలదు. 1948లో మద్రాసు రాష్ట్రమునను, 1955లో హైదరాబాదు రాష్ట్రమునను పౌర గ్రంథాలయముల చట్టములు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1960లో రెండింటికి మారుగా ఒకే చట్టము చేయబడినది. తెలంగాణ ఏర్పడిన తరువాతను అదియే ఇక్కడ కొనసాగుచున్నది. ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు వసూలు చేయవలెనని, ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలెనని దాని ఏర్పాటు. రూపాయికి ఎనిమిది పైసల చొప్పున పడు ఆ సెస్సును చదువు రానివాడును చెల్లించుచున్నాడు. గస్తీ నిషాన్ 53 కాలమున గ్రంథాలయపు సభకే అనుమతి కావలెను. శాసనసభ వచ్చిన పిదప గ్రంథాలయమే హక్కయినది. ఏ దాత ఇచ్చిన బీరువాకైనను కృతజ్ఞత చెప్పవలసినదే. కాని బీరువా ఒక ఊరికి వచ్చును. చట్టము అన్ని ఊళ్ళకు వచ్చును. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థకు పూర్తిగా చేరుచున్నదా, చేరినది పుస్తకములై పల్లెకు వచ్చుచున్నదా అని అడుగుట యాచన కాదు. తన పద్దును తాను సరిచూచుకొనుట.

కావున రజతోత్సవమునాడు ఈ గ్రంథాలయమువారికిని, చందాదారులకును మూడు విన్నపములు. పఠనమందిరమున ఒక అరను శాసనములకై కేటాయింపవలెను. భూమి, పంచాయతి, గ్రంథాలయము, కూలి, విద్య, వీనికి సంబంధించిన చట్టముల తెలుగు ప్రతులును, బడ్జెటు సారాంశమును అందుంచవలెను. ఇది మొదటిది. సంవత్సరమునకొకసారి, బడ్జెటు సమావేశములకు ముందు, ఒక సాయంకాలము ఊరివారు కూడి ఒక చట్టమునైన గట్టిగా చదివించుకొని వినవలెను. పురాణము వినిన చెవులకు ఇది భారము కాదు. ఇది రెండవది. శాసనసభ్యుడు గ్రామమునకు వచ్చినపుడు కల్వర్టు అర్జీ ఇచ్చిన చేతితోనే ఒక ప్రశ్న కూడ వినయముగా ఉంచవలెను: 'అయ్యా, ఈ ఏడు సభలో ఏ శాసనమునకు ఔనంటిరి? దేనిని ప్రశ్నించితిరి? మా పద్దుపై ఏమి పలికితిరి?' ఇది మూడవది. ఈ ప్రశ్నవలన మంచి సభ్యునకు గౌరవము హెచ్చును. చెప్పుకొనుటకు తగిన పని చేసినవాడు సంతోషించును. చేయనివాడు మరుసటి సారికి జవాబు సిద్ధపరచుకొని వచ్చును. రెండు విధములను ఊరికి లాభమే.

సోలన్ పొలములోని రాతిని పెరికించెను. గణపతిదేవుడు రేవులో రాతిని నిలిపెను. ఇద్దరిని లోకము జ్ఞాపకముంచుకొన్నది రాతిని చూచి కాదు; ఆ రాతితో ముడిపడిన శాసనమును చూచి. నల్లని శిలాఫలకములు వానకు తడిసి ఎండకు పగులును, వానిపై పేర్లు మారుచుండును. శాసనసభ్యుని నిజమైన శిలాఫలకము చట్టముల పుస్తకము. దానిని తెరచి చదువగలవాడు ఉన్నంతవరకే ఆ పదమునకు బరువుండును. అట్టి చదువరులను పెంచుటకే గ్రంథాలయమున్నది. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, ఈ ఊరి పిల్లవాడు ఎమ్మెల్యే అను మూటను విప్పి నడిమి మాటకు అర్థము తానే చెప్పగలుగుగాక.

స్వస్తి.